నీటి ఒడ్డున ఒక రాత్రి

భూమిపై సంచరించి సృష్టిని పరిశీలించమని దివ్య ఖుర్ఆన్ మనలను ప్రోత్సహిస్తుంది. కాని నేడు ఒక కుటుంబం ఊరు దాటి ఒక్క రాత్రి గడపాలంటే గది అద్దెకే నెల సరుకుల సొమ్ము కరిగిపోతుంది. అందుకే సంక్రాంతి సెలవుల్లో మా మరిది, “పోచారం చెరువు ఒడ్డున గుడారం వేసుకుందాం, అక్కడ అద్దె అడిగేవారెవరూ ఉండరు” అనగానే నారాయణరావుపేటలోని మా ఇల్లు పిల్లల కేరింతలతో నిండిపోయింది.

మెదక్ సమీపంలోని ఆ చెరువును 1916-1922 మధ్య ఆలేరు వాగుకు అడ్డుకట్ట వేసి నిర్మించారు. చుట్టూ ఉన్న అడవి ఒకప్పుడు నిజాం ప్రభువుల వేటస్థలం. 1952లో అది అభయారణ్యమైంది. తుపాకులకు బెదిరిన దుప్పులకు, మనుబోతులకు, కొండగొర్రెలకు అదే నేల ఆశ్రయమైంది. చలికాలంలో పట్టీతల బాతులు హిమాలయాలను దాటి వచ్చి ఆ నీటిపై వాలుతాయి.

అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో ప్రవేశానికి, బసకు అటవీ అధికారుల అనుమతి కావాలి. అక్కడ నిప్పు రాజేయడం నేరం. మా వారు ఈ మాట చెప్పగానే మరిది నవ్వి, “ఆ చీకట్లో మనల్ని చూసేదెవరు, భాయీ?” అన్నాడు. తస్బీహ్ తిప్పుతున్న అత్తమ్మ తల ఎత్తి, “అజాన్ విన్న ప్రతిదీ ప్రళయదినాన సాక్ష్యమిస్తుందని విన్నాం కదా బేటా! అడవికి చెవులున్నప్పుడు కళ్లుండవా?” అన్నారు. మరిది మారు మాట్లాడలేదు.

పగలు పోచారం వెళ్లి, కట్టపై నుండి పక్షులను తనివితీరా చూసి, సూర్యాస్తమయానికి ముందే వెనుదిరిగాం. గుడారం మాత్రం మా ఊరి కుంట పక్కన, మా సొంత పొలంలోనే వేశాం. అక్కడా అద్దె లేదు, అనుమతి వెదకవలసిన పని లేదు.

ఆ రాత్రి పిల్లలకు ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధనలే మార్గదర్శకాలయ్యాయి. రాత్రి బస చేసేవారు దారిని వదిలి పక్కకు దిగాలని ఆయన ఆదేశించారు. రాత్రివేళ జంతువులు, విషపురుగులు ఆ దారినే తిరుగుతాయి గనుక. అందుకే బండ్ల బాటకు దూరంగా జాగా చూశాం. పడుకునే ముందు నిప్పు ఆర్పమన్నారు. నెగడుపై నీళ్లు చల్లి, బూడిద చల్లబడేదాకా కూర్చున్నాం. నీటివనరుల వద్ద, నీడపట్టున మలవిసర్జన శాపాలకు కారణమని హెచ్చరించారు. కుంటకు చాలా దూరంగా గుంట తవ్వాం. వుజూలో సైతం నీటి దుబారా తగదు గనుక ఒక్క చెంబుతో సరిపెట్టుకున్నాం.

ఫజ్ర్ వేళ మా పెద్దబ్బాయి పొలం గట్టున నిలబడి అజాన్ ఇచ్చాడు. కుంటలోని కొంగలు కదలలేదు.

ఉచితంగా లభించేది విలువ లేనిదని మనం తరచూ పొరబడతాం. నీరు, నీడ, నేల మనకు అల్లాహ్ అప్పగించిన అమానతులు. పక్షులు, జంతువులు కూడా మనలాంటి సముదాయాలేనని ఖుర్ఆన్ తెలుపుతుంది. వాటి ఇంటికి వెళ్లే అతిథి అనుమతి అడగాలి, తిరిగి వచ్చేటప్పుడు తన అడుగుజాడ తప్ప మరేదీ విడిచిపెట్టకూడదు.