మాధవాయపాలెం నుంచి కుందలహళ్ళి దాకా

కుందలహళ్ళిలో మన పిల్లలు విదేశీ కంపెనీల అద్దాల మేడలు చూస్తూ పెరుగుతున్నారు. "ఆ దేశాలకు అంత డబ్బు ఎలా వచ్చింది? మనకెందుకు రాలేదు?" అని అడుగుతుంటారు. "మనది రత్నగర్భ, తెల్లవాడు దోచుకుపోయాడు" అని చెప్పి ఊరుకుంటాం. అందులో నిజం లేకపోలేదు. కానీ అది సగం జవాబే.

నరసాపురం పక్కన మాధవాయపాలెం ఉంది. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు వర్తకులు అక్కడ గిడ్డంగి పెట్టి మన నేతబట్టను ఓడలకెక్కించారు. ఊరి పేరు వాళ్ళ నోట 'మడపొల్లం' అయింది, అదే బట్టకూ పేరైంది. 1721లో బ్రిటన్ రంగు అద్దిన నూలుబట్టలు కట్టడాన్నే నిషేధించింది. తరువాత యంత్రాలు వచ్చాయి. అక్కడి మిల్లులే 'మడపొల్లం' నేసి అమ్మాయి. పేరు మనది, మగ్గం వారిది!

ఆర్థిక చరిత్రకారుడు ఆంగస్ మాడిసన్ అంచనా ప్రకారం 1700లో ప్రపంచ ఉత్పత్తిలో భారతదేశం వాటా దాదాపు 24 శాతం. గర్వంగా చెప్పుకునే అంకె ఇది. అయితే ప్రపంచ జనాభాలో దాదాపు 27 శాతం అప్పుడు ఇక్కడే ఉంది. అంటే సగటు మనిషి ఆనాడూ కలిగినవాడు కాడు. గోల్కొండ వజ్రాలు నవాబులవి, నేతగాడికి దక్కింది గంజే. 1950 నాటికి మన వాటా 4 శాతం. ఆ 250 ఏళ్ళలో మన తలసరి ఆదాయం దాదాపు ఉన్నచోటనే ఉంది, బ్రిటన్‌ది అయిదు రెట్లు దాటింది. వాళ్ళు మెట్లెక్కుతుంటే మనం కింద నిలిచిపోయాం.

ఎందుకు నిలిచిపోయాం? పన్నులు వసూలు చేసిన ప్రభుత్వం బళ్ళకూ కాలవలకూ పెట్టింది తక్కువ. 1832-33 గుంటూరు కరువులో లక్షమందికి పైగా పోయారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా అన్నపూర్ణ అయింది. ఖర్చు పెట్టిన చోట ఫలితం కనిపించింది, అలాంటి చోట్లే తక్కువ.

1991లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం ఆర్థిక సంస్కరణలు తెచ్చింది. ఆ తరువాతే వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల పొలాల్లో ఈ మేడలు లేచాయి. ఇవాళ మొత్తం ఆదాయంలో మనది మొదటి ఆరు దేశాల్లో ఒకటి. తలకింతని పంచి చూస్తే మాత్రం వందకు పైగా దేశాలు మనకన్నా ముందున్నాయి.

ఆ తేడా చూడడానికి విదేశం పోనక్కర్లేదు. ఈ మేడలు కట్టిన చేతుల్లో పాలమూరు నుంచి వలస వచ్చినవీ ఉన్నాయి. మా వీధి చివర రేకుల షెడ్లలో ఉండే కూలీల పిల్లలు మాట్లాడేది మన తెలుగే. వాళ్ళలో బడి ముఖం చూడని వాళ్ళున్నారు. చదువుకు దూరమైన తరం ఎంత వెనకబడుతుందో మన దేశం అనుభవించి తెలుసుకుంది. మన సంఘం నడిపే ఆదివారం తెలుగు తరగతికి ఆ పిల్లలనూ పిలుద్దామని, పలకా పుస్తకాల ఖర్చు మనలో మనం పంచుకుందామని నా మనవి.