దువ్వెన పక్కన మూడు

మా అక్కకు అంకెలు వచ్చుగాని ఇంగ్లీషు అక్షరాలు రావు. క్రిస్మస్ ఇంకా రెండు రోజులుందనగా హోసూరు నుంచి ఫోను చేసి, "తమ్ముడా, ఓవెన్ మీద దువ్వెన వచ్చుండాది, పక్కన మూడు" అంది. నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. మూడు పళ్ళున్న దువ్వెన అంటే ఇంగ్లీషు 'ఈ' అక్షరం. ఈ-3 అన్నమాట.

బావ పోయి ఏడేళ్ళయింది. అక్క ఇంట్లోనే కేకులూ బిస్కెట్లూ చేసి అమ్ముతుంది. ఆ ఓవెన్ ఆమెకు వంటింటి షోకు కాదు, అన్నం. అప్పటికి నలభై ప్లమ్ కేకులకు ఆర్డరు పట్టి ఉంది. అడ్వాన్సు పుచ్చుకుంది, ఆ డబ్బు జీడిపప్పుకూ ద్రాక్షకూ అయిపోయింది కూడా. నేను బెంగుళూరులో బస్సెక్కాను. నలభై కిలోమీటర్లే అయినా ఆ రోడ్డు మీద ఎంతసేపు పడుతుందో మీకు తెలియనిది కాదు.

హోసూరు సిప్‌కాట్‌లో ఇరవై ఆరేళ్ళు కొలిమి మీటర్లు బాగుచేసిన వాణ్ణి గనుక నాకు కాస్త గర్వం. ఈ కోడ్ల సంగతి చెబుతాను. ఓవెన్ లోపల వెనక గోడకు పెన్సిలంత లావు కూడా లేని ఒక కడ్డీ ఉంటుంది. అదే సెన్సరు. చాలావాటిలో దాని లోపల ప్లాటినం ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. సున్నా డిగ్రీల దగ్గర వెయ్యి ఓములుండే రకమైతే మామూలు గది వేడిలో 1,100 దరిదాపుల్లోనూ, 175 డిగ్రీల దగ్గర 1,660 దరిదాపుల్లోనూ చూపిస్తుంది. బోర్డు ఆ అంకెను చూసే లోపలి వేడిని లెక్కగడుతుంది. మధ్యలో తీగ తెగిందనుకోండి, నిరోధం అనంతం. బోర్డు దృష్టిలో అది ఎక్కడా ఉండని వేడి. అంచేత హీటరు ఆపేసి కోడ్ చూపించి ఊరుకుంటుంది. తెలియనప్పుడు ఆగిపోవడం దాని బుద్ధి. మనుషుల్లో ఇది అరుదు.

అయితే ఒక్కో కంపెనీది ఒక్కో నిఘంటువు. ఒకరి మూడు సెన్సరయితే ఇంకొకరి మూడు తలుపు గడియ. పక్కింటివాళ్ళ పుస్తకం చూసి మన ఓవెన్‌కు వైద్యం చేయకూడదు. అక్క ఓవెన్ పుస్తకంలో ఇంగ్లీషూ హిందీ మాత్రమే ఉన్నాయి. మూడంటే సెన్సరే అని చదివాను.

మొదట చేయవలసిన పనే చేశాను. మెయిన్ స్విచ్ ఆపి పది నిమిషాలాగి మళ్ళీ వేశాను. కోడ్ పోయింది. కరెంటు ఎగుడుదిగుడుకు ఇలా వచ్చిపోవడం కద్దు. "అంతేనా?" అంది అక్క. "అంతే" అని కాఫీ తాగాను. ఆరు కేకులు లోపల పెట్టాక, అవి సగం పొంగేసరికి దువ్వెన మళ్ళీ వచ్చింది. ఆరూ నడుమ కుంగిపోయాయి. అక్క ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

చల్లారాక కరెంటు తీసేసి వెనక రేకు విప్పి మీటరు పెట్టాను. 1,090 ఓములు. సెన్సరు నిక్షేపంగా ఉంది. పొద్దున వచ్చిపోయిన మెకానిక్కు బోర్డు పోయిందన్నాడట, తొమ్మిది వేలు చెప్పాడట. నేనూ అదే మాట అన్నాను. ఇరవై ఆరేళ్ళ అనుభవం మీద అన్నాను.

అప్పుడు మా మేనకోడలు అరమర లోంచి ఒక నోటుపుస్తకం తెచ్చింది. "మామా, నేను రాసి పెట్టినాను, అమ్మ చూడలేదు." అక్క హోసూరులో తెలుగు బడిలో అయిదు దాకా చదివింది. తమిళం మాట్లాడుతుంది, చదవలేదు. పిల్ల 2006లో ఒకటో తరగతిలో చేరింది. తమిళాన్ని తప్పనిసరి చేసిన చట్టం ఆ ఏటి ఒకటో తరగతి నుంచే అమలుకు వచ్చింది. తెలుగు నోటితోనే వచ్చు. పుస్తకమంతా తమిళంలో ఉంది. ఒకే గదిలో పక్కపక్కన పనిచేసే ఇద్దరు, ఒకరి రాత ఒకరికి అందదు. నేను పైకి చదివాను. పదిహేను రోజులుగా కోడ్ వచ్చిన ప్రతిసారీ టైము వేసి ఉంది: పెట్టిన ఇరవై నిమిషాలకు, ఇరవై రెండు నిమిషాలకు, పద్దెనిమిదికి. చల్లగా ఉన్నప్పుడు ఒక్కసారీ రాలేదు.

సిగ్గేసింది. వేడిలో వచ్చే జబ్బును నేను చల్లగా ఉన్నప్పుడు నాడి పట్టి చూశాను. మళ్ళీ మీటరు తగిలించి ఈసారి తీగలను వేలితో కదిపాను. అంకె ఎగిరి మాయమైంది. సెన్సరు తీగలు బోర్డు తీగలతో కలిసేచోట ప్లాస్టిక్ జాయింటు మాడి గోధుమరంగుకు తిరిగింది, లోపలి రేకు పట్టు వదిలింది. వేడెక్కి సాగినప్పుడు విడిపోవడం, చల్లారితే అతుక్కోవడం. మాడిన ముక్క కోసేసి పింగాణీ జాయింటు వేశాను. అక్కడ మామూలు ఇన్సులేషన్ టేపు చుట్టకూడదు, కరిగి కారుతుంది. ఖర్చు వంద కూడా కాలేదు.

ఒక్క మాట. ఇది మామూలు కరెంటు ఓవెన్ కథ. మైక్రోవేవ్‌కు మాత్రం మూత విప్పకండి. ప్లగ్ పీకేశాక కూడా దాని కెపాసిటరులో ప్రాణం తీసే కరెంటు నిలవ ఉండగలదు. అక్కడ నేనైనా చేయి పెట్టను.

ఆ రాత్రి ముగ్గురం పడుకోలేదు. తెల్లారి ఎనిమిదికి నలభై కేకులూ వెళ్ళాయి, చివరి రెండూ ఇంకా వేడిగానే.

బయల్దేరేముందు కోడ్లన్నీ తెలుగులో రాసి గోడకు అంటించాను, ప్రతిదాని పక్కనా దువ్వెన బొమ్మ వేసి. పిల్ల దాని కింద తమిళంలో రాసుకుంది. రాస్తూ రాస్తూ "మామా, ఈ 'త' ఎట్ల రాస్తారు?" అనడిగింది. బస్సుకు టైమయింది, అక్కను అడగమన్నాను.

జనవరిలో అక్క ఫోను. "తమ్ముడా, ఈతూరి కింది పన్ను ఊడిపోయిన దువ్వెన వచ్చుండాది."

ఎఫ్. గోడ మీది కాగితంలో ఎఫ్ లేదు. పుస్తకం తీయమన్నాను.