బెరాట్ దారిలో మా బస

ఇల్లూరికు అనే పేరు బైబిలులో ఎక్కడుందని అడిగితే మనలో చాలామందిమి తడుముకుంటాం. రోమీయులకు వ్రాసిన పత్రిక 15వ అధ్యాయంలో, యెరూషలేము మొదలుకొని తాను ఎంతదూరం సువార్త ప్రకటించాడో చెబుతూ పౌలు ఆ పేరు ఎత్తుతాడు. అక్కడ ఏం జరిగిందో, ఎవరు విన్నారో ఒక్క ముక్క కూడా చెప్పడు. ఆ పేరుతో పిలిచిన ప్రాంతంలో కొంత భాగం నేటి అల్బేనియాలో ఉంది.

మా అబ్బాయి ఇటలీలో బారి అనే రేవు పట్టణంలో ఉద్యోగం చేస్తున్నాడు. కిందటి అక్టోబరులో మేమిద్దరం వాడి దగ్గరకు వెళ్ళినప్పుడు, "రాత్రి ఓడ ఎక్కితే తెల్లవారేసరికి అల్బేనియాలో దిగుతాం. నాలుగు రోజులు సెలవు పెడతాను, పోదామా?" అన్నాడు. మాలో ఒకరికి మోకాళ్ళ నొప్పి, ఇంకొకరికి నీళ్ళంటే భయం. అయినా పిల్లవాడు తనంతట తాను నాలుగు రోజులు మాతో గడుపుతానన్నాడు గదా అని ఒప్పుకున్నాం. వాడు గుడికి వెళ్ళడం మానేసి ఆరేళ్ళయింది. ఆ మాట ఇంట్లో ఎవరమూ ఎత్తం. ప్రయాణంలో ఎప్పుడైనా మాట్లాడే సందు దొరుకుతుందని మా ఆశ.

ఓడ దిగిన ఊరు డురెస్. రోమీయుల కాలంలో దీన్ని డిర్రాకియం అనేవారు. ఇటలీనుండి వచ్చినవారు ఇక్కడ దిగి, ఎగ్నేషియా రహదారి పట్టుకొని తూర్పుగా పోయేవారు. పౌలు, సీలలు ఫిలిప్పీనుండి అంఫిపొలి, అపొల్లోనియల మీదుగా థెస్సలొనీకకు వెళ్ళింది ఆ రహదారి మీదనే. ఊరి నడుమ ఇళ్ళ మధ్య రోమీయుల నాటి పెద్ద క్రీడాస్థలం ఉంది. ఒకప్పుడు జనం వినోదానికి రక్తం చిందిన ఆ చోట, తరువాతి శతాబ్దాలలో క్రైస్తవులు ఒక చిన్న ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. దాని గోడమీద రంగురాళ్ళతో పొదిగిన బొమ్మలు ఇంకా కనిపిస్తాయి. అక్కడే మధ్యాహ్నం దాటింది.

బెరాట్ చేరేసరికి చీకటి పడుతుందని తెలుసు. పాతబస్తీలో గది ముందుగానే మాట్లాడుకున్నాం కాబట్టి ధీమాగా ఉన్నాం. తీరా ఊరు పది మైళ్ళుందనగా ఫోను వచ్చింది. ఆ గది వేరేవాళ్ళకు ఇచ్చేశారట. మా అబ్బాయి ముఖం ఎర్రబడింది. ఇలాంటప్పుడు వాడు అచ్చం వాళ్ళ తాతే. రోడ్డు పక్కన పెట్రోలు బంకు, దాని వెనుక ఒక మేడ, మీద హోటల్ అని ఎర్రదీపాల అక్షరాలు కనిపిస్తే కారు ఆపేశాడు.

ఆ మేడ చూస్తే మాకు మన రోడ్లే గుర్తొచ్చాయి. కింద భోజనశాల, మీద గదులు, ఆపైన డబ్బు సరిపోక ఆగిన అంతస్తు. స్తంభాల నుంచి ఇనుప ఊచలు ఆకాశంలోకి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఒక ఊచకు గుడ్డతో చేసిన ఎలుగుబంటి బొమ్మ వేలాడుతోంది. ఎందుకని అడిగితే, దిష్టి తగలకుండా అట! ఈ దేశంలో కడుతున్న ఇళ్ళకు ఇలా బొమ్మలు కట్టడం మామూలే. ఇంత దూరం వచ్చి దిష్టిబొమ్మ కిందనే పడుకోవాల్సి వచ్చిందని నవ్వుకున్నాం.

లోపల నల్లబట్టలు కట్టుకొని, తలకు గుడ్డ చుట్టుకున్న పెద్దావిడ ఒకరు చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. గది ఉందా అని సైగ చేశాం. ఆమె మమ్మల్ని ఎగాదిగా చూసి, తల అడ్డంగా ఊపి, "పో" అన్నారు. మేము తెల్లబోయాం. ముసలితనాన ఇంత దూరం వస్తే ముఖం మీదనే పొమ్మనడమా? మేము గుమ్మం దిగబోతుంటే ఆమె లేచి వచ్చి చేయి పట్టుకొని లోపలికి లాగారు. అల్బేనియా భాషలో 'పో' అంటే 'అవును' అని మా అబ్బాయి నవ్వు ఆపుకుంటూ చెప్పాడు. అంతేకాదు, అక్కడివాళ్ళు అవునని చెప్పడానికి తల అడ్డంగా ఆడిస్తారు, కాదనడానికి పైకీ కిందికీ. ఈ సంగతి వంటబట్టక ఆ రాత్రి మరో తంటా వచ్చింది. యజమాని మర్యాదకు ద్రాక్షసారా పోయబోతే మేము వద్దని తల అడ్డంగా ఊపాం. ఆయన సంతోషించి గ్లాసు నిండా పోశాడు!

గదిని గురించి గొప్పగా చెప్పడానికి లేదు. స్నానాల గదిలో తెర లేదు, ఒకరు నీళ్ళు పోసుకుంటే నేలంతా చెరువే. తువ్వాళ్ళు పలుచన. తెల్లవార్లూ లారీలు పోతూనే ఉన్నాయి. అయితే దుప్పట్లు ఎండలో ఆరిన వాసన వేశాయి, అద్దె ఊళ్ళోని గదికి ఇవ్వవలసిన దానిలో సగం.

యజమానికి యాభై దాటి ఉంటాయి. ఆ పెద్దావిడ కొడుకే. గ్రీసులో ఇరవై ఏళ్ళు తాపీపని చేసి ఆ డబ్బుతో ఈ మేడ కట్టాడు. ఇటాలియను చక్కగా మాట్లాడాడు. గ్రీసులో ఉండి ఇటాలియను ఎలా వచ్చిందని అడిగితే, చిన్నప్పుడు కమ్యూనిస్టు రోజులలో దొంగచాటుగా ఇటలీ టీవీ చూసి నేర్చుకున్నానన్నాడు. అలా పెద్దావిడ మాట కొడుకు ఇటాలియనులో చెబితే, మా అబ్బాయి తెలుగులో మాకు చెప్పేవాడు. మేము ఇండియానుంచి వచ్చామని వినగానే ఆవిడ ముఖం వికసించింది. "నెన తెరెజా!" అన్నారు. మదర్ థెరిసాను వాళ్ళు అలా పిలుస్తారు. ఆమె 1910లో స్కోప్యేలో పుట్టింది అల్బేనియన్ కుటుంబంలోనే. తల్లి, అక్క టిరానాలో ఉండిపోయారు. వాళ్ళు బయటికి రావడానికి, ఆమె లోపలికి వెళ్ళడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. తల్లి 1972లో పోయింది. మదర్‌కు ఆ దేశంలో అడుగుపెట్టే అనుమతి దొరికింది 1989లో. కలకత్తా వీధులలో దిక్కులేనివారి కళ్ళు మూసిన మనిషి కన్నతల్లి దగ్గర ఉండలేకపోయింది.

బల్లమీదకు రొట్టె, ఆలివు కాయలు, పెరుగుతో కలిపి పొయ్యిలో కాల్చిన గొర్రెమాంసం వచ్చాయి. మాంసం పెరుగులో ఉడకడమేమిటని మొదట జంకాం గాని, తిన్నాక మళ్ళీ అడిగి వేయించుకున్నాం. మా సంచిలో ఆవకాయ సీసా ఉంది, అది లేకుండా మేము పొలిమేర దాటం. పెద్దావిడ రొట్టెకు అంటించుకొని నాకి, కళ్ళనీళ్ళు పెట్టుకొని, మళ్ళీ చేయి చాపారు.

అయితే చెప్పవలసింది భోజనం సంగతి కాదు. తినబోయే ముందు అలవాటుగా మేమిద్దరం కళ్ళు మూసుకొని ప్రార్థన చేసుకున్నాం. మా అబ్బాయి ఎప్పటిలాగే ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. కళ్ళు తెరిచేసరికి పెద్దావిడ వంటగది గుమ్మంలో నిలబడి మమ్మల్నే చూస్తున్నారు. "మీ దేశంలో ఇలా తలుపులు తెరిచి పెట్టుకొని ప్రార్థన చేసుకుంటారా? ఎప్పుడూ ఇంతేనా?" అని అడిగారు. అంతే అన్నాం. ఆమె కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

1967లో ఆ దేశపు పాలకుడు ఎన్వర్ హోజా మతం ఉండకూడదన్నాడు. రెండువేలకు పైగా గుళ్ళు, మసీదులు, మఠాలు మూతపడ్డాయి. కొన్నిటిని పడగొట్టారు, కొన్నిటిని గోదాములు చేశారు. 1976 నాటి రాజ్యాంగంలో, ఈ రాజ్యం ఏ మతాన్నీ గుర్తించదని వ్రాసుకున్నారు. ఇదంతా మేము పుస్తకాలలో చదివిందే. పెద్దావిడ చెప్పింది పుస్తకాలలో లేదు. అప్పటికి ఆమెకు కొత్తగా పెళ్ళయింది. అత్తగారి పటం ఒకటి మొక్కజొన్న పిండి పీపాలో దాచారు. ఈస్టరు రాత్రి టీకప్పులో నూనె పోసి వత్తి వెలిగించి, వెలుగు కిటికీలోంచి కనబడకుండా గొంగడి అడ్డం కట్టేవారు. పటాల ముందు ప్రార్థించడం మన సంఘాల పద్ధతి కాదు, నిజమే. ఆ రాత్రి మాకు ఆ సంగతి గుర్తుకే రాలేదు.

కొడుకు పుట్టాడు. వాడికి మాటలు వచ్చిన రోజునుంచి ఆమెకు భయం పట్టుకుంది. ఇంట్లో గుడ్లకు ఎర్రరంగు వేశారా, పెద్దవాళ్ళు ఏమైనా గొణుగుతున్నారా అని బళ్ళో పిల్లలను అడిగేవారట. పిల్లవాడు అబద్ధమాడలేడు. నిజం చెబితే తండ్రి జైలుకు పోతాడు. అందుకని వాడు నిద్రపోయాకనే దీపం. వాడి ముందు దేవుడు అన్న మాట ఒక్కసారి కూడా అనలేదు. 1990లో ప్రార్థనకు మళ్ళీ అనుమతి వచ్చేసరికి వాడికి ఇరవై ఏళ్ళు. "అప్పుడు చెప్పాను. అమ్మా, ఇన్నాళ్ళూ లేని దేవుణ్ణి ఇప్పుడెక్కడినుంచి తెచ్చావు అన్నాడు. నేను బాగా దాచాను. మరీ బాగా దాచాను" అన్నారు.

ఈ మాటలను తన నోటితో ఇటాలియనులోకి మార్చి చెప్పింది ఆ కొడుకే. చెబుతూ చెబుతూ బల్లమీద రొట్టెముక్కలు ఒక్కొక్కటే ఏరుతున్నాడు. పక్కగదిలో తాను టీవీ శబ్దం తగ్గించి ఇటలీ పాటలు వింటుంటే, ఈ గదిలో అమ్మ దీపం పెట్టుకుందన్నమాట, ఒకరికొకరు దాచుకున్నాం అని నవ్వబోయాడు. మా అబ్బాయి ఆమె చివరి మాట తెలుగులో చెప్పడానికి చాలాసేపు తీసుకున్నాడు. మేము వాడి వైపు చూడలేదు. మా ఇంటి తలుపులు ఏనాడూ మూసింది లేదు, ఏ గొంగడీ అడ్డం కట్టలేదు.

మర్నాడు బెరాట్ చూశాం. ఓసుమ్ నదికి ఒక పక్క మాంగలెమ్, ఎదురుగా గోరిత్సా అనే పేటలు. కొండవాలున ఒకదానిపై ఒకటి ఎక్కినట్టుండే తెల్లని ఇళ్ళు, ప్రతి ఇంటికీ వరుసగా కిటికీలు. వేయి కిటికీల ఊరు అంటారు. 2008లో యునెస్కో జాబితాలో చేరింది. కొండమీది కోటలో ఇప్పటికీ సంసారాలు ఉంటున్నాయి, గుమ్మాలలో ఆరవేసిన బట్టలు చూసుకుంటూ నడిచాం. ఎక్కేదారి నున్నటి రాళ్ళు, మోకాళ్ళు మొరపెట్టాయి. మరియమ్మ పేరుతో ఉన్న పాతగుడి ఇప్పుడు మ్యూజియం. 16వ శతాబ్దపు చిత్రకారుడు ఒనుఫ్రి పటాలు ఉన్నాయి అందులో. ఆయన వాడిన ఎరుపు చాలా ప్రసిద్ధి. దగ్గరగా చూస్తే, దొంగచాటుగా రంగువేసిన ఆ ఈస్టరు గుడ్లే మాకు గుర్తుకొచ్చాయి. ఇది మ్యూజియం నగరమని ప్రభుత్వం అంతకుముందే ప్రకటించి ఉన్నందువల్లనే ఇక్కడి గుళ్ళు కొన్ని బ్రతికిపోయాయి. అల్బేనియా ఆర్థడాక్స్ సంఘం తాను స్వతంత్రమని, తన భాషలోనే ఆరాధన చేసుకుంటానని 1922లో ప్రకటించింది కూడా ఈ ఊళ్ళో జరిగిన మహాసభలోనే.

మేము చూడాలనుకున్నది మాత్రం కనబడలేదు. ఊదారంగు అద్దిన తోలు పుటల మీద వెండి అక్షరాలతో గ్రీకులో వ్రాసిన మత్తయి, మార్కు సువార్తల ప్రతి ఒకటి ఈ కోట గుడిలో ఉండేది. 6వ శతాబ్దపు పుస్తకం అది. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మనులు దానికోసం వస్తే సంఘపెద్దలు దాచేశారు, చోటు చెప్పలేదు. 1968లో అది బయటపడేనాటికి దేశంలో ప్రార్థన చేసుకోవడమే నేరం. పుటలు బాగా పాడయ్యాయి. 1971లో దాన్ని చైనాకు పంపి బాగు చేయించారట. దేవుడు లేడన్న ఒక ప్రభుత్వం, దేవుడు లేడన్న ఇంకొక ప్రభుత్వం చేత సువార్త పుస్తకానికి మరమ్మతు చేయించడం! ఇప్పుడది టిరానాలో ప్రభుత్వ పత్రాల భాండాగారంలో ఉంది. అదే యుద్ధకాలంలో ఈ ఊరివాళ్ళు యూదు కుటుంబాలను కూడా తమ ఇళ్ళల్లో దాచారు. ఇంటికి వచ్చిన అతిథిని అప్పగించడం వాళ్ళ దృష్టిలో మాట తప్పడమే.

మూడవనాడు బయలుదేరేముందు లెక్క చూస్తే, రెండు రాత్రులకు గాను ఒక్క రాత్రి అద్దే వేశారు. ఎంత చెప్పినా వినలేదు. మిగిలిన ఆవకాయ సీసా వాళ్ళకే ఇచ్చేశాం. పెద్దావిడ మాచేత ప్రభువు ప్రార్థన తెలుగులో చెప్పించుకున్నారు. తరువాత తన భాషలో తాను మొదలుపెట్టారు. భోజనశాలలో టీవీ మోగుతోంది. కొడుకు చేయి చాచి దాని గొంతు తగ్గించాడు, గుడ్డతో బల్ల తుడుస్తూ అక్కడే నిలబడ్డాడు. ఆమె కొంతదూరం చెప్పి ఆగిపోయారు. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. మా అబ్బాయి కారు తాళాలు పట్టుకొని గుమ్మంలో ఉన్నాడు. లోపలికి రాలేదు, బయటికీ పోలేదు.

కారు చాలాదూరం వచ్చాక, ఆలివు తోటలు దాటుతుండగా వాడే అడిగాడు. "నాన్నా, మామ్మగారి ప్రార్థన ఎక్కడ ఆగిపోయింది?"

రొట్టె మాట దగ్గర అని చెప్పాం. ఆ తరువాత ఏమొస్తుందో వాడికి గుర్తుందో లేదో మేము అడగలేదు. కాసేపటికి వాడి పెదవులు కదిలినట్టు అద్దంలో కనబడింది. మేము కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాం.