గంభీరావుపేట దారిన వేములవాడకు: యాత్రికుని భోజనం

వేములవాడలో ఎక్కడ భోంచేయాలన్న ప్రశ్నకు జవాబు హోటళ్ళ బోర్డుల మీద కంటే పంచాంగంలోనే ఎక్కువగా దొరుకుతుంది. సోమవారం దిగినవారికి ఒక ఊరు, మంగళవారం దిగినవారికి ఇంకొక ఊరు అన్నంతగా అక్కడి పొయ్యిల మీది వంట మారిపోతుంది. వండేవారు ఎవరు, తినేవారు ఏ మొక్కుతో వచ్చారు, వారు మళ్ళీ ఆ గడప తొక్కుతారా లేదా అన్న సంగతులే రుచినీ శుభ్రతనూ ధరనూ నిర్ణయిస్తాయి. రాజన్న సిరిసిల్ల జిల్లాలోని గంభీరావుపేట, సిరిసిల్ల, వేములవాడ మూడు రకాల జనానికి వండే ఊళ్ళు కనుక, కామారెడ్డి వైపు నుంచి ఆ వరుసలోనే సాగే పర్యటనలో ఈ సంగతి మెతుకు పట్టి చూసినంత తేలికగా తెలిసిపోతుంది.

గంభీరావుపేటకు పనిగట్టుకుని వచ్చే యాత్రికులకు రెండు ఆకర్షణలున్నాయి. మొదటిది సీతారామస్వామి ఆలయంలోని నందాదీపం, అంటే రాత్రింబవళ్ళు కొండెక్కకుండా కాపాడే అఖండ జ్యోతి. కాకతీయ ప్రతాపరుద్రుని కాలం నుంచీ అది వెలుగుతూనే ఉన్నదని స్థానికుల విశ్వాసం. రెండవది మండలంలోని నర్మాల దగ్గర మానేరు మీద నిజాం కాలంలో కట్టిన ఎగువ మానేరు జలాశయం. వానాకాలంలో మత్తడి దూకే రోజుల్లో చుట్టుపక్కల మండలాల జనం సద్దులు కట్టుకుని అక్కడికి చేరతారు. సద్ది కట్టుకుని రావడమన్నదే ఇక్కడ గమనించవలసిన మాట. యాత్రికుల కోసమని వెలసిన భోజనశాలలు ఈ ఊరికి అలవాటు లేవు, బస్టాండు చుట్టుపక్కల హోటళ్ళు మండల కార్యాలయానికో బ్యాంకుకో అంగడికో వచ్చిపోయే పల్లె జనాన్ని నమ్ముకుని నడుస్తాయి. హోటల్ అంటే ఈ ప్రాంతంలో బస చేసే చోటు కాదు, పొద్దున ఇడ్లీ, వడ, పూరీ, సాయంత్రం మిర్చి బజ్జీ, రోజంతా చాయ్ దొరికే చోటు. పల్లె నుంచి వచ్చినవారు పగటి అన్నానికి ఇల్లు చేరుకుంటారు గనుక మిట్టమధ్యాహ్నం ఒంటిగంటకు ఆకలితో దిగిన బయటి మనిషికి ఇక్కడ ఎంపిక చాలా తక్కువ. జలాశయంలో పట్టిన రవ్వ, బొచ్చె, కొర్రమట్ట వంటి చేపలు పచ్చివిగానే అమ్ముడుపోయి ఇళ్ళలో పులుసవుతాయే తప్ప, చేపల చెరువు పక్కనే ఉన్నది కదా అని హోటల్లో చేపల కూర అడిగినవాడికి దొరుకుతుందన్న హామీ లేదు.

సాయంత్రం బజ్జీల బాండీ దగ్గర మాత్రం కొంతసేపు నిలబడి చూడవలసిందే. శనగపిండి జారులో ముంచిన మిరపకాయ నూనెలో పడగానే చుట్టూ లేచే నురుగు చకచకా విరిగిపోతే నూనె కొత్తదని, నురుగు జిగటగా అంచులకు పట్టుకుని నిలిచిపోతూ, మంట తగ్గించినా పొగ రేగుతూ ఉంటే అది ఇప్పటికే చాలా వాయిలు చూసిన నూనె అని అర్థం చేసుకోవచ్చు. మళ్ళీ మళ్ళీ కాగిన నూనె విరిగి అందులో పోలార్ కాంపౌండ్లు అనే పదార్థాలు పేరుకుంటాయి. అవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడరాదని దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ పెట్టిన నియమం 2018 జూలై నుంచి అమలులో ఉన్నది. బాండీ దగ్గర కొలిచే పరికరం ఎవరి చేతిలోనూ ఉండదు గనుక కంటినీ ముక్కునూ నమ్ముకోక తప్పదు. అదే ఊరి గుడిలో దీపానికి మాత్రం ఏ రోజు నూనె ఆ రోజు పోస్తారన్నది బజ్జీల ప్రియులు కొంచెం అసూయపడదగిన విషయం.

సిరిసిల్ల సంగతి వేరు. ఇది మరమగ్గాల పట్టణం; ఇక్కడివారు సాంచాలని పిలిచే ఆ మగ్గాల మీద పగలు ఒక పాళీ, రాత్రి ఒక పాళీగా పన్నెండేసి గంటలు పని సాగడం అలవాటు కనుక, తెల్లవారుజామున పాళీ దిగేవాడికీ పాళీ ఎక్కేవాడికీ ఒకేసారి ఆకలి వేస్తుంది. 2017 నుంచి కొన్నేళ్ళపాటు ప్రభుత్వం ఇచ్చిన బతుకమ్మ చీరల ఆర్డర్లు ఈ పట్టణం పేరును రాష్ట్రమంతా మోగించాయి గాని, యాత్రికుడు దీనిని దారిలో బస్సు మారే చోటుగానే చూస్తాడు. అది అతని నష్టమే, ఎందుకో ఒక ఆర్థికవేత్త వాదనతో తెలుస్తుంది. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని, సరుకు మంచిచెడ్డలు అమ్మేవాడికి తెలిసినంతగా కొనేవాడికి తెలియని చోట నాసిరకం సరుకే మంచిదాన్ని బజారు నుంచి తరిమేస్తుందని వాదించాడు. ఆ వ్యాసంలోనే ఆయన పట్టణాల మధ్య రహదారుల మీద ఒకే పేరుతో నడిచే గొలుసు హోటళ్ళు ఎక్కువగా కనబడటానికి కారణం అక్కడి గిరాకీ స్థానికులు కాకపోవడమేనని కూడా గుర్తుచేశాడు. గొలుసు హోటల్ పేరు బాటసారికి ఇచ్చే భరోసాను సిరిసిల్లలో సాంచా కార్మికుడు ఇస్తాడు. నిన్న పప్పు నీళ్ళగా పోస్తే రేపు పక్క మెస్సుకు పోయే మనిషి అతను, పైగా పోయేటప్పుడు నలుగురిని వెంటబెట్టుకుని పోతాడు. అందువల్ల బల్లలు పాతవైనా, గోడలకు దూది పట్టినా, పాళీ మారే వేళకు కిటకిటలాడే మెస్సులో అన్నం, పప్పు, పచ్చి పులుసు నమ్మదగినవి. మెస్సు అంటే నెలవారీ ఖాతాదారులను నమ్ముకుని ఇంటి పద్ధతిలో వండిపెట్టే చిన్న భోజనశాల.

వేములవాడ చేరేసరికి ఈ సూత్రం తలకిందులవుతుంది. 10వ శతాబ్దంలో రాష్ట్రకూటుల సామంతులుగా ఏలిన వేములవాడ చాళుక్యులకు ఇది రాజధాని, కన్నడ ఆదికవి పంపడు రెండవ అరికేసరి కొలువులో ఉన్నది ఇక్కడే. నేటి జనానికి మాత్రం ఇది రాజన్న ఊరు. రాజరాజేశ్వరస్వామికి కోడె మొక్కు చెల్లించడానికి, అంటే కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి స్వామి సన్నిధిలో కట్టేయడానికి, తెలంగాణ నలుమూలల నుంచీ కుటుంబాలు కుటుంబాలే కదలి వస్తాయి. ఆలయం చుట్టూ ఉన్న వీధుల్లోని హోటళ్ళకు ఈ జనం ఏడాదికొకసారి కనబడే గిరాకీ, ఒక్కొక్కరు జన్మకొకసారి కనబడే గిరాకీ కూడాను. దర్శనం వరుస ఎంత పొడవైతే వారి ఆకలి అంత మొండిదవుతుంది. ఆ సమయంలో పేరు, ధర చూసుకునే ఓపిక ఎవరికుంటుంది? ధరల పట్టిక గోడ మీద ఉన్నదా, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు కనబడుతున్నదా అన్నవి కూర్చోకముందే చూడదగిన రెండు గుర్తులు. నిండిన విస్తళ్ళు మాత్రం ఇక్కడ సాక్ష్యం కావు, సోమవారం అన్ని బల్లలూ నిండుతాయి.

అయితే వేములవాడ భోజనంలో అసలైన భాగం హోటళ్ళలో లేనే లేదు. సోమవారం రాజన్న దర్శనం అయ్యేదాకా చాలామంది ఒక్కపొద్దు ఉంటారు. ఒక్కపొద్దు అంటే ఒకపూట మాత్రమే, అదీ నీసు ముట్టకుండా తినే నియమం. ఆనాడు లడ్డూ, పులిహోర ప్రసాదాలతోనో, ఆలయం పెట్టే అన్నదానంతోనో, శాకాహార హోటలుతోనో కడుపు నింపుకొని రాత్రికి గదికి చేరతారు. తెల్లవారితే మంగళవారం బద్ది పోచమ్మ వంతు. స్నానాలు చేసిన ఆడవారు కొత్త కుండలో అన్నం వండి, కుండకు పసుపు కుంకుమలు పెట్టి, వేపమండలు కట్టి, పైన దీపం ఉంచి అమ్మవారికి బోనంగా తీసుకుపోతారు. మగవారు మేకనో కోడినో సిద్ధం చేస్తారు. ఆ తరువాత గదుల ముందరా ఖాళీ జాగాల్లోనూ మూడేసి రాళ్ళ పొయ్యిలు వెలుగుతాయి. ఒక పొయ్యి మీద బగారన్నం ఉడుకుతుండగా రెండో పొయ్యి మీద మాంసంలో ఎండుకొబ్బరి, ధనియాల పొడి పడిన వాసన వీధి మలుపు దాకా వస్తుంది. పక్కనే ఇంకొక కుటుంబం తలకాయ, కాళ్ళు విడిగా పెట్టి పులుసుకు చింతపండు నానబెడుతూ ఉంటుంది. ఉప్పూ కారం ఇంటి నుంచి మూట కట్టుకుని వచ్చినవారికి కట్టెలూ గిన్నెలూ సమకూర్చే వ్యాపారం ఊళ్ళో తగినంత ఉన్నది కనుక, ఒక కుటుంబానికి గది దొరికిందంటే వంటశాల దొరికినట్టే. ఈ వంటను పర్యాటక పుస్తకాలు ఎందుకో పట్టించుకోవు. అమ్మకానికి లేని భోజనానికి ప్రచారంతో పనిలేకపోవడమే కారణం కావచ్చు. ఆ పొయ్యిల మధ్య నడిచే కొత్త మనిషిని ఏ ఊరు అని అడగడం, ఊరు చెప్పగానే విస్తరి వేయడం అరుదేమీ కాదు. కాదనడం మర్యాద అనిపించుకోదు.

ఒంటరిగా వచ్చినవారికీ, వృద్ధులతో వచ్చినవారికీ ఆలయ అన్నదానమే మేలైన మార్గం, కాని అది పరిమితమైన సంఖ్యలోనే అందుతుంది గనుక దర్శనానికి ముందే సంగతి కనుక్కోవాలి. 2024 నవంబరులో ఆలయ విస్తరణ పనులతో పాటు నిత్యాన్నదాన సత్రానికి కూడా శంకుస్థాపన జరిగింది. మహాశివరాత్రి జాతర రోజుల్లోనూ, రెండేళ్ళకొకసారి మేడారం జాతరకు వెళ్ళేవారు అక్కడి సమ్మక్క కంటే ముందు రాజన్నను చూసిపోయే వారాల్లోనూ ఎంపిక అన్న మాటకే అర్థం ఉండదు, దొరికిన బల్ల ముందు కూర్చోవడమే. అటువంటి వారాల్లో గంభీరావుపేట వైపు నుంచి వచ్చేవారు సిరిసిల్లలోనే పగటి భోజనం ముగించుకుని, రాత్రికి చాలే అటుకులూ గుడాలూ సంచిలో వేసుకుని బస్సెక్కుతారు.