పాత కంప్యూటర్‌కు కొత్త ప్రాసెసర్ పడుతుందా?

మా ఇంట్లో కంప్యూటర్ 2012 నాటిది. ఆ ఏడు మిర్చి అమ్మిన డబ్బుల్లోంచి మా ఆయన కొన్నారు. అప్పుడు రెండో తరగతిలో ఉన్న మా అమ్మాయి ఇప్పుడు బీకాం కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం. ట్యాలీ తెరిస్తే, అది వచ్చేలోపు నేను అన్నం వార్చి రావచ్చు.

బాగుచేయించడానికి తీసుకెళితే షాపతను మూత కూడా విప్పలేదు. "ఇది ముసలిదైపోయిందమ్మా, 35 వేలు పెట్టి కొత్తది తీస్కోండి" అన్నాడు. నా చిట్టీ ఎత్తిన డబ్బు సరిగ్గా అంతే ఉంది. కానీ అది డిగ్రీ అయ్యాక అమ్మాయి హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి చదువుకోవడానికి దాచింది. మూత విప్పకుండా చెప్పిన మాటకు ఆ డబ్బు తీయడానికి నాకు మనసొప్పలేదు.

మా మరిది కొడుకు హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఫోన్ చేస్తే "పెద్దమ్మా, ప్రాసెసర్ సంగతి తర్వాత. ముందు బోర్డు పేరు చెప్పు" అన్నాడు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, ఎంఎస్‌ఇన్‌ఫో32 అని కొడితే ఒక పట్టిక వస్తుంది. ప్రాసెసర్ పేరు, మదర్‌బోర్డు పేరు, బయోస్ తేదీ అన్నీ అందులోనే ఉంటాయి. మాది పెంటియమ్ జీ620, బోర్డు హెచ్61 రకం. పప్పుల లెక్క రాసుకునే నోట్‌బుక్‌లోనే రాసుకున్నాను.

అసలు విషయం ప్రాసెసర్ కూర్చునే గూడు. దాన్ని సాకెట్ అంటారు. మాది 1155 సాకెట్. 2011లో వచ్చిన ఇంటెల్ రెండో తరం, 2012లో వచ్చిన మూడో తరం ఇందులో కూర్చుంటాయి. 2013లో వచ్చిన నాలుగో తరానికి సాకెట్ 1150. ఐదే కదా తేడా అనుకోవద్దు, అది ఇందులో కూర్చోనే కూర్చోదు. తెలుగు బీఏ చదివినదాన్ని కాబట్టి నాకు సంధి గుర్తొచ్చింది. అ, ఇ, ఉ, ఋలకు సవర్ణాచ్చులు పరమైతేనే సవర్ణదీర్ఘం, పక్కనున్న అచ్చు ఎంత గొప్పదైనా లాభం లేదు!

అంటే మా బోర్డుకు "కొత్తది" అన్నా పన్నెండేళ్లు దాటినదే. అమ్మాయి మూడో తరం ఐ5 కావాలంది. చాలా హెచ్61 బోర్డులకు అది పెట్టాలంటే, పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి. మధ్యలో కరెంటు పోతే బోర్డే పాడవ్వొచ్చు. మరిపెడలో కరెంటును నమ్మి నేను ఆ పని చేయించను. రెండో తరం ఐ5-2400 చాలన్నాను. బోర్డు కంపెనీ ఇచ్చిన ప్రాసెసర్ల జాబితాలో అది ఉందో లేదో అమ్మాయి చూసింది, ఉంది. పెంటియమ్‌కు రెండు కోర్లు, దీనికి నాలుగు. కాకపోతే అది 65 వాట్లది, ఇది 95 వాట్లది. ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి దానికి తగ్గ ఫ్యాను కూడా కావాలి.

ఇంకో మాట. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగింది. విండోస్ 11కేమో ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఆపైవే కావాలంటారు. ఈ ఐ5 పెట్టినా అది తీరదు. నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ దాకా భద్రతా అప్‌డేట్లు ఇస్తారట. అమ్మాయి పరీక్షలు అప్పటికి అయిపోతాయి. నాకు కావలసింది ఆ ఒక్క ఏడాదే.

సికింద్రాబాద్ సీటీసీలో మావాడు సెకండ్ హ్యాండ్ ఐ5, దాని ఫ్యాను, ఒక ఎస్ఎస్‌డీ, డీడీఆర్3 ర్యామ్ కొన్నాడు. అన్నీ కలిపి ఐదు వేల లోపే. ముందు ఎస్ఎస్‌డీ, ర్యామ్ మాత్రమే పెట్టించాను. నిజం చెప్పాలంటే సగం జబ్బు అక్కడే పోయింది. మీరెవరైనా చేయిస్తే అదే వరసలో చేయించండి, ప్రాసెసర్ అవసరమే రాకపోవచ్చు.

మేం మర్నాడు ఐ5 కూడా పెట్టించాం. పాత పెంటియమ్‌ను పారేయనివ్వలేదు. రేపు దీనికేమైనా అయితే మళ్లీ అదే పెట్టి చూడాలి కదా! పాత స్పాంజి ముక్కలో చుట్టి, గ్యాస్ పుస్తకంతో పాటు బీరువాలో పెట్టాను.