అమ్మ గొంతు, ఎవరివో మాటలు

2024 ఫిబ్రవరి 24న మా చెన్నైలో జయలలిత గొంతు మళ్ళీ వినిపించింది. ఆవిడ పోయింది 2016 డిసెంబరులో! పుట్టినరోజు నాడు అన్నాడీఎంకే వాళ్ళు ఏఐతో ఆవిడ గొంతు తయారుచేయించి, పళనిస్వామికి అండగా ఉండమని చెప్పించారు. అంతకు నెల ముందే డీఎంకే వాళ్ళు 2018లో పోయిన కరుణానిధిని తెర మీదికి తెచ్చి, కొడుకు స్టాలిన్‌ని మెచ్చుకునేలా చేశారు. ఈ విషయంలో రెండు పార్టీలూ ఒకటే లెండి.

ఆ ఆడియో ఫోనులో వచ్చినప్పుడు మా అత్తగారు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. చెయ్యి ఆగిపోయింది. తెలుగు సినిమాల్లో ఎన్టీఆర్ పక్కన చూసినప్పటి నుంచీ ఆవిడకి జయలలిత అంటే ప్రాణం.

"అమ్మ గొంతేనే!" అన్నారు. ఇక్కడ అందరికీ ఆవిడ అమ్మే కదా.

"కాదత్తయ్యా, కంప్యూటర్ చేసింది."

"గొంతు ఆవిడదే కదా, మాటలు ఎవరివైతేనేం?"

కాసేపటికి ఆవిడే అడిగారు, మీ మామయ్యగారి గొంతు కూడా ఇలా చేస్తారా అని. పాత రికార్డింగు ఉంటే చేస్తారన్నాను. "వద్దులే. ఆయన అనని మాట ఆయన గొంతులో నేను వినలేను" అన్నారు.

నా బాధా అదే. పాత ప్రసంగాలు ఇస్తే చాలు, ఎవరు ఏది రాసిస్తే ఆ గొంతు అది పలుకుతుంది. బతికున్న నాయకుడైతే నేననలేదని మర్నాడు విలేకరుల ముందుకొస్తాడు. పోయినవాళ్ళు ఎక్కడికొస్తారు? అందులోనూ జయలలిత, ఒకరు చెప్పమన్న మాట చెప్పే మనిషేనా?

2024 మే నెలలో ఎన్నికల సంఘం, డీప్‌ఫేకులు దృష్టికొచ్చిన 3 గంటల్లో తీసేయమని పార్టీలకు చెప్పింది. 3 గంటల్లో ఒక వీడియో మన ఫ్యామిలీ గ్రూపుల్లో ఎన్ని ఊళ్ళు తిరిగొస్తుందో మనకి తెలీదా! 2025 అక్టోబరులో ఇంకో మాట చెప్పారు. ఏఐతో చేసిన వీడియో అయితే తెరలో కనీసం 10 శాతం మేర ఆ సంగతి రాయాలట, ఆడియో అయితే మొదటి 10 శాతంలో చెప్పాలట. మంచిదే. కానీ ఆ మొదలు కత్తిరించి పంపడం ఎంతసేపు? ఇక వీడియో అంటారా, పోపు వేస్తూ మనం ఫోను చూస్తామా ఏమిటి? ఉప్పు డబ్బాకి ఆనించి వింటాం. చదివే తీరికెక్కడ? నన్నడిగితే ఆ గొంతు చేతే మధ్యమధ్యలో చెప్పించాలి, నేను అసలు మనిషిని కాను, ఫలానా పార్టీ వాళ్ళు రాసిచ్చింది చదువుతున్నాను అని.