రేపర్ దాచే చేతులు

పోయిన వారం ఉప్పు గురించి రాస్తే ఒక విద్యార్థి ఇన్‌బాక్సులోకొచ్చి, "మేడమ్, ఈసారి కాస్త తియ్యటి సంగతి రాయండి" అన్నాడు. సరే, డెయిరీ మిల్క్ గురించి రాస్తున్నా. మధ్యలో చేదు తగిలితే నన్ననకండి. కోకో గింజ పుట్టుకతోనే చేదు.

ముందు కంపెనీ కథ. 1824లో జాన్ క్యాడ్‌బరీ బర్మింగ్‌హామ్‌లో ఒక కొట్టు పెట్టాడు. టీ, కాఫీ, తాగే చాక్లెట్ అమ్మేవాడు. వాళ్ళది క్వేకర్ కుటుంబం. క్వేకర్లంటే ఇంగ్లండులో ప్రభుత్వ చర్చికి లోబడని క్రైస్తవులు. అందుకని ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ తలుపులు వాళ్ళకి చాలాకాలం మూసే ఉన్నాయి. చదువు దారి లేక వ్యాపారంలోకి దిగారు. చాక్లెట్ వ్యాపారంలో పెద్ద పేర్లైన ఫ్రై, రౌంట్రీ కుటుంబాలు కూడా క్వేకర్లే. అచ్చులో పోసిన తొలి చాక్లెట్ బార్ 1847లో బ్రిస్టల్‌లోని ఫ్రై వాళ్ళ దగ్గర పుట్టింది. పాలు కలిపిన చాక్లెట్ 1870లలో స్విట్జర్లాండులో వచ్చింది. దానికి పోటీగా, ఇంకా ఎక్కువ పాలతో, 1905లో క్యాడ్‌బరీ తెచ్చిందే డెయిరీ మిల్క్. మొదట డెయిరీ మెయిడ్ అని పెడదామనుకున్నారట. 1926లో ఎండుద్రాక్ష, బాదం వేసి ఫ్రూట్ అండ్ నట్ తెచ్చారు. ఆ తర్వాత హోల్ నట్ వచ్చింది.

క్యాడ్‌బరీలు మంచి యజమానులుగా పేరుపడ్డారు. 1879లో ఊరి బయట బోర్న్‌విల్‌లో ఫ్యాక్టరీ కట్టి, చుట్టూ ఇళ్ళు, తోటలు, ఆటస్థలాలు ఏర్పాటు చేశారు. ఇది అబద్ధం కాదు. కానీ ఆ ఫ్యాక్టరీకి కోకో ఎక్కణ్ణుంచి వచ్చేది?

పెద్ద వాటా ఆఫ్రికా పక్కనున్న సావో టోమే, ప్రిన్సిపె దీవుల నుంచి. అవి పోర్చుగల్ వలసలు. అక్కడ పనిచేసేవాళ్ళని అంగోలా నుంచి తెచ్చేవారు. కాగితం మీద అయిదేళ్ళ ఒప్పందం. తిరిగి ఇంటికి వెళ్ళినవాళ్ళు దాదాపు లేరు. చట్టంలో బానిసత్వం రద్దయింది, తోటలో కాలేదు. ఈ సంగతి 1901 నాటికే క్యాడ్‌బరీల చెవిన పడింది. విచారణకు మనిషిని పంపారు, ప్రభుత్వంతో ఉత్తరాలు నడిపారు, కానీ కొనడం ఆపలేదు. ఆపింది 1909లో. అంటే డెయిరీ మిల్క్ పుట్టిన మొదటి నాలుగేళ్ళూ ఆ గింజల కొనుగోలు నడుస్తూనే ఉంది.

దీనిమీద స్టాండర్డ్ అనే పత్రిక విరుచుకుపడితే కంపెనీ పరువునష్టం దావా వేసింది. 1909 డిసెంబరులో జ్యూరీ కంపెనీ వైపే తీర్పు చెప్పింది. నష్టపరిహారం మాత్రం ఒక్క ఫార్దింగ్, అంటే పెన్నీలో నాలుగో వంతు. గెలుపు మీదే, కానీ మీ పరువు ఖరీదు ఇంతే అన్నట్టు! తమకు తలుపులు మూస్తే ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు కూడా, కంటికి ఆనని కూలీ దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదేళ్ళు ఆలోచించారు.

ఆ తర్వాత కొనుగోళ్ళు గోల్డ్ కోస్టుకి, అంటే నేటి ఘనాకి మళ్ళాయి. అక్కడ సొంత పొలాల్లో పండించే రైతులున్నారు. 1937లో క్యాడ్‌బరీతో సహా యూరపు కంపెనీలు ధర విషయంలో కుమ్మక్కైతే, ఆ రైతులు నెలల తరబడి కోకో అమ్మకుండా బిగబట్టారు. ఉద్యమ మిత్రులు చదవాల్సిన చరిత్ర అది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. కంపెనీ ఇండియాకి 1948లో వచ్చింది. ఆ సంగతి మా వాడకి తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. నా చిన్నప్పుడు మాకు చాక్లెట్ అంటే పావలా బిళ్ళే. అయితే దాని రేపర్ నాకో పాఠం నేర్పింది. సంక్రాంతికి మా అమ్మ వండిన అరిసెలు స్టీలు డబ్బాలో పెట్టి బడికి తీసుకెళ్తే ఒక టీచరు, "అక్కడ పెట్టమ్మా, తర్వాత తింటాను" అన్నారు. సాయంత్రానికి డబ్బా అలాగే తిరిగొచ్చింది. అదే టీచరు నా పుట్టినరోజుకి నేనిచ్చిన చాక్లెట్ అక్కడికక్కడే విప్పి నోట్లో వేసుకున్నారు. రెండూ నా చేతి మీదుగా వెళ్ళినవే. తేడా ఏమిటి? అరిసెలో మా అమ్మ చెయ్యి కనిపిస్తుంది. రేపర్‌లో ఎవరి చెయ్యీ కనిపించదు. ఎవరు వండారో తెలియని తిండికి అంటు లేదు.

మొదట్లో ఇది విముక్తిలా అనిపించింది. ఇంటి తిండికి లేని మర్యాద కంపెనీ సరుకుకి దొరికిందని తర్వాత అర్థమైంది. అంగోలా కూలీని బర్మింగ్‌హామ్ పిల్లలకి కనపడకుండా చేసిందీ ఆ రేపరే.

2019 ఆగస్టు 15కి ఇదే కంపెనీ యూనిటీ బార్ అని ఒకటి తెచ్చింది. ఒకే బార్‌లో డార్క్, బ్లెండెడ్, మిల్క్, వైట్. నాలుగు రంగులు, ఒకే రేపర్. భిన్నత్వంలో ఏకత్వమట. చాలామంది నవ్వారు. నేను ఫోటో చూసి ఆగిపోయాను. నాలుగు రంగులూ దేని గడిలో అది, వరసగా, కలవకుండా ఉన్నాయి! ఊరి పటం కూడా ఇలాగే ఉంటుంది కదా?

ఇప్పుడు రకాలకి లెక్కలేదు. క్రాకిల్, రోస్ట్ ఆల్మండ్, 2010లో వచ్చిన సిల్క్. అమెరికాలో ఉన్న మనవాళ్ళు తినే డెయిరీ మిల్క్ హెర్షీ కంపెనీ లైసెన్సుతో చేసేది, రుచి కూడా వేరు. 2010లో క్యాడ్‌బరీని క్రాఫ్ట్ కొనేసింది. ఇప్పుడు యజమాని మాండెలీజ్. ఆ కంపెనీ పెద్ద ఫ్యాక్టరీ 2016లో మన శ్రీసిటీలోనే మొదలైంది.

దేశంలో కోకో ఎక్కువ పండేదీ ఆంధ్రప్రదేశ్‌లోనే. గోదావరి జిల్లాల్లో, ఏలూరు వైపు కొబ్బరి, పామాయిల్ తోటల్లో అంతరపంటగా వేస్తారు. 2024లో ప్రపంచ మార్కెట్లో ధర టన్నుకి పదివేల డాలర్లు దాటింది. మరుసటి ఏడాది ధర పడిపోయి రైతులు రోడ్డెక్కారు. రైతుల ధర్నా వార్తయింది, న్యాయమే. కాయ కోసి, కర్రతో పగలగొట్టి, జిగురు గింజలు తీసి, పులియబెట్టి, ఎండబోసే కూలీల మాట ఆ వార్తల్లో ఎక్కడుంది? భూమి ఎవరిది, కూలి ఎవరిది అని మనకి విడమరిచి చెప్పాలా?

చాక్లెట్ తినడం మానేయమని నేననను. మా ఇంట్లోనూ తింటాం. ఆ జిల్లాల నుంచి వచ్చిన విద్యార్థులు సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఒక పని చేయండి. మీ పేటలో కోకో తోటకి వెళ్ళే అమ్మల్ని, అత్తల్ని అడగండి. రోజుకి ఎంతిస్తున్నారు, మగవాళ్ళకెంత, ధర పెరిగిన ఏడాది మీ కూలి పెరిగిందా అని. వాళ్ళ మాటల్లోనే రాసి పంపండి. పేర్లు అక్కర్లేదు. నా గోడ మీద పెడతాను.